రూలు మారలేదు

దాదాపు ఇరవై ఏళ్లుగా ఒక సంగతి నా లోపలే ఉండిపోయింది. మా ఆవిడకు చెప్పలేదు. కలిసి పనిచేసినవాళ్లకు చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, దేవుడి ముందు కూడా దాన్ని పక్కన పెట్టే దణ్ణం పెట్టుకున్నాను. బరువు అంటారు కదా, అలాంటిదే. అయితే మనిషిని మంచం పట్టించే బరువేం కాదు. నేను బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, ప్రమోషన్లు తీసుకున్నాను. పంటి సందులో ఇరుక్కున్న మామిడి పీచులాగా అది ఉంది. పనిలో ఉన్నంతసేపూ గుర్తుండదు. ఖాళీగా కూర్చుంటే నాలుక తిన్నగా అక్కడికే పోతుంది.

ఈమధ్య ఖాళీ ఎక్కువైంది. రిటైరయ్యాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే సగం వినకుండానే, "పోనిద్దురూ, ఉద్యోగంలో ఇలాంటివి ఎన్ని ఉండవు" అంటారు. ఆ మాట నాకు నేనే వెయ్యిసార్లు చెప్పుకున్నాను, ఇంకొకరి నోట వినక్కర్లేదు. నా పేరు చెప్పను. బ్యాంకు పేరూ చెప్పను. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చున్నవాణ్ణి అప్పుడే దాచడం మొదలుపెట్టాను.

గత నెలలో అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర, ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు నన్ను పిలిచారు. బ్యాంకు లోన్ల గురించి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పమన్నారు. రిటైరైన ఆఫీసరంటే ఖర్చు లేని వక్త కదా. శాలువా కప్పారు. విద్యార్థుల పాలిట పెద్దన్న అని మైకులో పొగిడారు. ఆఖర్న వెనక వరుసలో ఒకమ్మాయి లేచింది.

"సార్, చదువు మధ్యల కోర్సు మారితే లోన్ ఉంటదా? కొత్త కోర్సుల ఒక సంవత్సరం కంపెనీల పనిచెయ్యాలె. గా సంవత్సరం ఎట్ల సార్?"

తడుముకోకుండా చెప్పేశాను. మారే ముందే బ్యాంకుకు చెప్పి అనుమతి తీసుకుంటే అదే లోను కొత్త కోర్సుకు కొనసాగించవచ్చనీ, కంపెనీలో గడిపే సంవత్సరం డిగ్రీలో భాగమైతే అది చదువు కిందికే వస్తుందనీ, చదువు పూర్తయ్యేదాకా వాయిదాలు మొదలుకావనీ, పరీక్షలో ఫస్టొచ్చిన కుర్రాడిలా అప్పజెప్పాను. చప్పట్లు కొట్టారు. ఏసీ గదిలో నాకు చెమటలు పట్టాయి. పక్కనున్నాయన మంచినీళ్లు అందిస్తూ బీపీ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. నిజానికి లేదు.

అదే ప్రశ్న చాలా ఏళ్ల కిందట ఇదే అమీర్‌పేట నుంచి వచ్చిన ఇంకొక అమ్మాయి నన్ను అడిగింది. అప్పుడు నేను వేరే జవాబు చెప్పాను. ఆనాటినుంచి ఈ శాలువా దాకా నడిచొచ్చిన దారి ఎలాంటిదో మీకు చెప్పాలి.

ఐటీ గాలి మహా జోరుగా వీస్తున్న రోజులు. అమీర్‌పేటలో బస్సు దిగి పది అడుగులు వేసేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు పడేవి. నేను పంజాగుట్ట బ్రాంచిలో ఉండేవాణ్ణి. చదువులకిచ్చే లోన్ల బల్ల నాది. మాది కృష్ణా జిల్లా వైపు. వచ్చి ఆరేళ్లయినా ఈ ఊరి తెలుగు నాకు కొంచెం వింతగానే ఉండేది. ఒప్పుకోలు అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ యాస వినగానే అవతలి మనిషి నాకంటే ఒక మెట్టు కింద ఉన్నట్టు నాకు అనిపించేది. పైకి చూపించేవాణ్ణి కాదు. చూపించలేదనే అనుకుంటున్నాను.

మా బ్రాంచిలో రెండు అలవాట్లుండేవి. అవి తెలియకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఒకటి, ఏ పిల్లవాడి దరఖాస్తునైనా తిరస్కరిస్తే కారణం రాసి పై ఆఫీసుకు పంపాలి. పంపితే ప్రశ్నలొస్తాయి, ఫోన్లొస్తాయి, మేనేజరు మొహం మాడుతుంది. అందుకని మేం ఎవరినీ తిరస్కరించేవాళ్లం కాదు. ఇవ్వడం కుదరదనుకుంటే వాళ్లచేతే ఒక ఉత్తరం రాయించేవాళ్లం. 'నా దరఖాస్తును ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను' అని. కింద సంతకం. మా చేతికి మట్టంటేది కాదు. ఆ ఉత్తరాన్ని ఎవరు కనిపెట్టారో తెలియదుగానీ నేను చేరేనాటికే అది ఆచారం.

రెండోది, సర్క్యులర్లు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ప్రతి సర్క్యులరునీ ఒక ఫైల్లో పెట్టి అటెండరు బల్ల బల్లకూ తిప్పేవాడు. చదివినట్టు గుర్తుగా మూలన పొట్టి సంతకం పెట్టాలి. ఎవరు చదువుతారండీ? ఎదురుగా బారెడు క్యూ. ఫైలు రాగానే పేజీలు తిప్పుతూ టకటకా గీసిపడేసేవాణ్ణి. ఒక్కోసారి ఫోనులో మాట్లాడుతూనే.

ఆ అమ్మాయిని లావణ్య అంటాను. వాళ్ల నాన్నను మల్లేశం అంటాను. రెండూ అసలు పేర్లు కావు. మల్లేశం మైత్రీవనం వైపు ఒక బిల్డింగులో లిఫ్టు నడిపేవాడు. ఆ బిల్డింగు నిండా కంప్యూటర్ కోచింగులే. రోజంతా పిల్లల్ని పైకీ కిందికీ చేర్చడమే ఆయన పని. ఏ కోర్సు చదివినవాడికి ఉద్యోగం వచ్చిందో, ఏ కోర్సు వాడు చొక్కా మాసిపోయినా అలాగే తిరుగుతున్నాడో ఆయనకు తెలిసినంతగా ఆ సెంటర్ల వాళ్లకు కూడా తెలియదు. అలా చూసీ చూసీ పెద్దకూతురికి గట్టి చదువు చెప్పించాలని పట్టుబట్టాడు.

లావణ్య బీఎస్సీ మొదటి సంవత్సరం మా లోనుతోనే చదివింది. దాన్ని మంజూరు చేసిందీ నేనే. మార్కులు బాగా వచ్చాయి. వాటిని చూసి ఇంకో కాలేజీ ఆమెను నాలుగేళ్ల డిగ్రీలో రెండో సంవత్సరానికి తీసుకుంటానంది. ఆ కోర్సులో మూడో ఏడాది మొత్తం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచెయ్యాలి, తిరిగొచ్చి చివరి ఏడాది చదవాలి. అలా ఒక ఏడాది లోపలికి అడుగుపెట్టిన పిల్లల్ని ఆ రోజుల్లో కంపెనీలు వదిలేవి కావు. లిఫ్టు నడిపేవాడి ఇంటినుంచి ఆ గేటు లోపలికి వెళ్లడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. లోను ఆ కోర్సుకు మారితే చాలు.

జూలైలో ఒక మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు వచ్చారు. కాగితాలన్నీ వరసగా పిన్ను కొట్టి, కాలేజీ ఉత్తరం పైన పెట్టి ఇచ్చింది. రెండు నిమిషాలు తిరగేశాను.

"ఇది కుదరదమ్మా. కోర్సు మారాలంటే పాత లోను మొత్తం కట్టేసి కొత్తగా పెట్టుకోవాలి. పైగా కంపెనీలో చేసే ఏడాది చదువు కాదు. డబ్బులిస్తారుగా, ఉద్యోగం కింద లెక్క. అప్పటినుంచే వాయిదాలు కట్టాలి."

అప్పటికి అది అబద్ధం కాదు. నాకు తెలిసింది అదే. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకునే నేను చాలా ఏళ్లు వేలాడాను.

"జీతం గాదు సార్, స్టైపెండు. బస్సు పాసుకు, తిండికి సరిపోతే మస్తు. గా సంవత్సరం పూర్తిజేస్తెనే డిగ్రీ ఇస్తరు సార్. మా కాలేజీ సార్ చెప్పిండు, దీనికి బ్యాంకులల్ల కొత్త సర్క్యులర్ వచ్చిందట. జర ఒక్కసారి చూస్తరా?"

వెనక క్యూలో ఎవరో నవ్వారు. నన్ను చూసే నవ్వారో, వాళ్ల ముచ్చట్లలో వాళ్లు నవ్వారో నాకిప్పటికీ తెలియదు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

"ఏమ్మా, బ్యాంకు రూల్సు నువ్వు నాకు నేర్పిస్తావా? పదిహేడేళ్ల సర్వీసు నాది."

"అయ్యో, అట్ల గాదు సార్. మీరు చూసి లేదంటే ఎల్లిపోతం."

మల్లేశం కూర్చోలేదు. మొదటినుంచీ కుర్చీ వెనక నిలబడే ఉన్నాడు. కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "ఊకో బిడ్డా. సార్ చెప్తుండు గద. సార్‌కు తెల్వదా?"

సర్క్యులర్ల ఫైలు నా వెనక బీరువాలో ఉంది. కుర్చీ తిప్పి చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. ఒక తెల్లకాగితం తీసి ఆమె ముందు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె రాసింది. 'ఇష్టపూర్వకంగా' దగ్గర పెన్ను ఆగింది.

"ఇష్టపూర్వకంగ అని ఎందుకు సార్? నాకు ఇష్టం లేదు గద."

"అది ఫార్మాటమ్మా."

రాసింది. గుండ్రటి చేతిరాత. ఒక్క అక్షరదోషం లేదు. సంతకం పెట్టి, కాగితాన్ని నా వైపు తిప్పి, నేను చదవడానికి వీలుగా పెట్టింది. థాంక్స్ సార్ అని కూడా అంది. మల్లేశం రెండు చేతులూ జోడించాడు. వెళ్లిపోయారు. నేను తర్వాతి మనిషిని పిలిచాను.

ఇక్కడితో ఆగిపోతే అది పొరపాటు. తొందరపాటు, మొరటుతనం, అంతే. ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను మీకేం రాసేవాణ్ణి కాదు.

రెండు రోజుల తర్వాత శుక్రవారం. ఎవరిదో ఇంటి లోను గురించి ఏదో కావాల్సి వచ్చి అదే ఫైలు తీశాను. వెతుకుతున్నది దొరకలేదు. లావణ్య చెప్పింది దొరికింది. పేజీన్నర సర్క్యులరు. కోర్సు ఒకసారి మారొచ్చు, లోను కొనసాగుతుంది, కంపెనీ సంవత్సరం డిగ్రీలో భాగమైతే చదువే. ఇంత స్పష్టంగా మా హెడ్డాఫీసు వాళ్లు ఇంకేదీ రాసినట్టు నాకు గుర్తు లేదు. తేదీ చూశాను. మార్చి. ఆ పిల్ల వచ్చిందేమో జూలైలో. కింద మూలన నా పొట్టి సంతకం. చదివాను అని.

 ఫైలు మూసి, టీ తెప్పించుకుని, తాగకుండా వదిలేశాను.

కాలేజీ ఉత్తరంలో చేరడానికి ఆఖరి తేదీ ఉంది. వచ్చే బుధవారం. మధ్యలో శనివారం, సోమవారం, మంగళవారం. మూడు పనిదినాలు చాలు. గట్టిగా పూనుకుంటే ఒక్కరోజులో అనుమతి పత్రం టైపు చేయించి ఇవ్వొచ్చు, మేనేజరు సంతకం పెట్టకపోయే ప్రసక్తే లేదు, పై ఆఫీసుకు పంపే పనే లేదు. చెయ్యవలసిందల్లా ఆమెకు కబురు పంపడం. దరఖాస్తులో ఫోన్ నంబరు ఉంది. మల్లేశం పనిచేసే బిల్డింగు కింద పాన్‌షాపుది.

శనివారం చేద్దామనుకున్నాను. శనివారం ఒంటిపూట, హడావుడి. ఇది సాకు. సోమవారం డయల్ చేశాను. రెండు రింగులకే ఎత్తారు. "ఎవరు గావాలె భాయ్?" అని ఒక గొంతు. వెనక ట్రాఫిక్ మోత. మల్లేశం ఆ గొంతుకు ఇరవై అడుగుల దూరంలో ఉండి ఉంటాడు. ఒక్క కేక వేస్తే వస్తాడు. నేను రాంగ్ నంబర్ అన్నాను. పెట్టేశాను.

ఎందుకు?

ఇన్నేళ్లుగా దీనికి నేను రకరకాల జవాబులు చెప్పుకున్నాను. వచ్చే నెలలో ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది, నిజమే. ఆ పిల్ల తిరిగొస్తే మేనేజరుకు సంగతి చెప్పాలి, రాయించిన ఉత్తరం చించాలి, చదవకుండా సంతకం పెట్టానని తెలుస్తుంది, అదీ నిజమే. కానీ మా మేనేజరు మంచివాడు. నవ్వి ఊరుకునేవాడు. పైగా సంతకాలు ఆయనా అలాగే పెట్టేవాడు. ప్రమోషన్ పోయేదేం కాదు. ఆ భయాన్ని నేను తర్వాత తీరిగ్గా తయారుచేసుకున్నానని నా అనుమానం. భయంతో చేశాననుకుంటే కొంచెం మనిషిలా ఉంటాను కదా.

అసలు సంగతి ఏమిటంటే, ఆ పిల్లను మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు చెప్పిందే రైటమ్మా" అనాలి. అంతే. ఆ మూడు మాటలు నా నోట రాలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల, లిఫ్టు నడిపేవాడి కూతురు, జర అనీ గద అనీ మాట్లాడే పిల్ల, నాకంటే బాగా నా ఫైలు తెలిసిన పిల్ల. ఆమె జీవితం ఒక పక్క, నా పరువు ఒక పక్క పెట్టి తూచాను. నా పరువే మొగ్గింది. థూ.

మంగళవారం గడిచింది. బుధవారం గడియారం చూస్తూనే ఉన్నాను. పెన్ను పట్టుకుంటే అంకెలు తప్పు పడుతున్నాయి. బేగంపేటలో దిగబోయే విమానం మా కిటికీ మీదుగా వెళ్తే తలెత్తి చూశాను, అదేదో నా కోసం వచ్చినట్టు. లేచి నీళ్లు తాగాను, మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఇప్పుడైనా చెయ్యొచ్చు, ఇప్పుడైనా చెయ్యొచ్చు అని లోపల ఒకటే నస. ఐదయింది. కాలేజీ ఆఫీసు మూసేసి ఉంటారు. అప్పుడు నాకేమనిపించిందో చెప్పనా? హాయిగా అనిపించింది. ఇక చెయ్యడానికేం లేదు కదా అని. తిన్నగా ఇంటికెళ్లి, పెసరట్టు వేయించుకుని తిన్నాను.

ఆ నెలాఖరు మీటింగులో మేనేజరు లిస్టు చూస్తూ ఆ పేరు దగ్గర ఆగి ఈ కేసేమైంది అన్నాడు. వాళ్లే మానుకున్నారు సార్, ఉత్తరం ఉంది, అన్నాను. వెరీ గుడ్ అన్నాడు. ప్రమోషన్ వచ్చింది. అదే బ్రాంచిలో ఉంచారు.

రెండేళ్లు గడిచాయి. మళ్లీ అడ్మిషన్ల సీజనే. బ్యాంకులో కొత్త కంప్యూటర్ పద్ధతి పెడుతున్నారని ఆఫీసర్లకు వారానికి మూడు సాయంత్రాలు అమీర్‌పేటలో క్లాసు పెట్టారు. నాలుగో అంతస్తు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల స్టూలు మీద మల్లేశం.

ఈ బిల్డింగని నాకు తెలియదు. తెలిస్తే వచ్చేవాణ్ణి కాదు. ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"నమస్తే సార్! గుర్తువట్టిండ్రా? లావణ్య నాయిన్ని."

తలూపాను. అమ్మాయి ఎలా ఉందని అడిగాను. అడగకపోతే బాగుండదు కదా.

"డిగ్రీ అయిపోయింది సార్. నౌకరి చేస్తుంది, బేగంపేటల. ఫోన్లల్ల మాట్లాడే పని. మీ దయ సార్. ఆనాడు మీరు ఉన్నదున్నట్టు చెప్పకపోతే, పాత లోన్ కట్టలేక, కొత్తది దొరకక ఆగమైతుంటిమి."

నాలుగు అంతస్తులు ఎంతసేపు? ఆ లిఫ్టు ముసలిది. మూడో అంతస్తు దగ్గర ఆయన కొంచెం మొహమాటంగా అడిగాడు.

"సార్, చిన్నబిడ్డ ఇంటర్ అయిపోయింది. అది సుత గసుంటి కోర్సే అంటుంది, ఒక ఏడు కంపెనీల ఉండేది. గా ఏడు నుంచే కిస్తులు కట్టాల్నాయె. ఆ రూలు ఇంకా గట్లనే ఉన్నదా?"

దేవుడు మనిషికి రెండో అవకాశం ఇస్తాడంటారు. నాకు లిఫ్టులో ఇచ్చాడు. ఇంకెవరూ లేరు. నేనూ, ఆయనా. ఆ రోజు నేను పొరబడ్డాను మల్లేశం, ఆ రూలు అప్పటికే లేదు, అంటే సరిపోయేది. తిడితే తిట్టేవాడు. తిట్టేవాడు కూడా కాదేమో.

"మారింది మల్లేశం," అన్నాను. "ఈ ఏడే మారింది."

ఆయన మొహం వెలిగిపోయింది. మరుక్షణమే ఆరింది. "అయ్యో. పెద్దదాని నసీబు సార్. రెండేండ్లు ఎనక పుడితే అయిపోతుండె."

లిఫ్టు ఆగింది. దిగాను. క్లాసులో ఏం చెప్పారో ఒక్క ముక్క ఎక్కలేదు.

మొదటి తప్పుకంటే ఇది పెద్దదని నాకు అప్పుడే తెలుసు. మొదటిసారి ఒక సీటు పోగొట్టాను. రెండోసారి ఆ పోయినదాన్ని ఆ పిల్ల నుదుటిమీద రాశాను. నేను చేసింది ఆమె నసీబు అయిపోయింది. వాళ్లింట్లో ఎన్నిసార్లు ఆ మాట అనుకుని ఉంటారు? పెద్దదానికి రాసిపెట్టి లేదు, చిన్నదానికి రాసిపెట్టి ఉంది అని. పొరపాటున చెల్లెలి మీద ఆమెకు చిన్న ఈర్ష్య పుట్టి ఉంటే, అది ఎవరి పాపం?

చిన్నమ్మాయి లోను నేను దగ్గరుండి చేయించాను. పదిరోజుల్లో మంజూరు. అలా చేస్తే చెల్లుకు చెల్లు అనుకున్నట్టున్నాను. లోపల ఏదో కొంచెం సర్దుకుంది కూడా. సంతకాల రోజు చిన్నమ్మాయితోపాటు లావణ్య వచ్చింది. జీతం ఉంది కాబట్టి చెల్లెలి లోనుకు తోడు సంతకం పెట్టాల్సింది ఆమె. మెడలో ఆఫీసు కార్డు. మనిషి చిక్కింది. గొంతు మారింది, ఫోన్లలో మాట్లాడే వాళ్ల గొంతులా మెత్తగా, జాగ్రత్తగా. నమస్తే సార్ అంది. అదే కుర్చీ.

మంజూరు పత్రం ఇచ్చాను. గుమాస్తా టైపు చేసిన కాగితమది. నేను ఎప్పట్లాగే చదవకుండా సంతకం పెట్టేశాను. ఆమె చదవడం మొదలుపెట్టింది. ప్రతి లైనూ. వేలు కాగితం మీద నెమ్మదిగా కిందికి దిగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అలాంటి పత్రాల్లో మొదటి పేరాలోనే, ఏ సర్క్యులరు ప్రకారం లోను ఇస్తున్నామో దాని నంబరూ తేదీ వేస్తారు.

వేలు ఆగింది.

నేను ఆ వేలునే చూస్తున్నాను. గోరుకు రంగు లేదు. చాలాసేపు కదల్లేదు. చాలాసేపు అంటే ఎంత? పది సెకన్లేమో. మార్చి నెల, రెండేళ్ల కిందటి సంవత్సరం. ఆమె జూలైలో వచ్చింది. లెక్క కష్టమైనదేం కాదు.

తలెత్తింది.

"సార్, ఈ సర్క్యులర్ తేదీ..."

 ఆమె నా మొహం చూసింది. అందులో ఏం కనిపించిందో నాకు తెలియదు. పక్కన చెల్లెలు కొత్త పెన్ను మూత తీసి, ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెట్టేద్దామన్నట్టు ఆత్రంగా కూర్చుంది. లావణ్య ఒకసారి చెల్లెలి వైపు చూసింది. మళ్లీ నా వైపు. ఆ కాగితం ఇంకా నా చేతుల్లోది. కాదంటే ఆపగలవాణ్ణి. ఆపిన చరిత్ర ఉన్నవాణ్ణి.

"ఏం లేదు సార్," అంది. "యాడ పెట్టాలె సంతకం?"

చూపించాను. పెట్టింది. అదే గుండ్రటి చేతిరాత. ఈసారి థాంక్స్ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. ఇంట్లో చెప్పేసిందేమోనని భయపడ్డాను. తర్వాతి క్లాసుకు వెళ్లగానే తెలిసింది, చెప్పలేదని. మల్లేశం అలాగే లేచి నిలబడ్డాడు, అలాగే నమస్తే పెట్టాడు, చిన్నబిడ్డ మస్తు ఖుషీగ ఉన్నది సార్ అన్నాడు. ఆమె ఎందుకు చెప్పలేదు? చెల్లెలి చదువు పూర్తయ్యేదాకా నాతో పని ఉంటుందనా? తండ్రి కుమిలిపోతాడనా? సార్‌కు తెల్వదా అన్నది ఆయనే కదా. కూతుర్ని ఊకోమన్నదీ ఆయనే. నిజం తెలిస్తే ఆయన నన్ను కాదు, తనను తాను తిట్టుకుంటాడు. అది ఆమెకు తెలుసు. నేను మొయ్యాల్సినదాన్ని ఆమె కూడా మోస్తోందన్నమాట, తండ్రి కోసం, నోరు మూసుకుని.

మరుసటి క్లాసునుంచి నేను మెట్లెక్కి వెళ్లాను. నాలుగు అంతస్తులు. ఒంటికి మంచిదని తోటివాళ్లకు చెప్పాను.

ఆమె జీవితం ఏమీ పాడైపోలేదుగా అని నాలో ఒక ప్లీడరు ఇప్పటికీ వాదిస్తాడు. ఉద్యోగం చేసింది, చెల్లెల్ని చదివించింది, పెళ్లయి ఉంటుంది, పిల్లలుంటారు. ఉండొచ్చు. నాకేం తెలుసు? తనకు రావలసింది రానప్పుడు ఎవరైనా ఏదో ఒకటి చేసుకుని బతుకుతారు. అది వాళ్ల గొప్ప. దాన్ని నా ఖాతాలో ఎలా వేసుకుంటాను?

వెతికి క్షమాపణ చెప్పొచ్చు కదా అని మీరంటారు. అనుకున్నాను. శాలువా కప్పిన మర్నాడు ఆ బిల్డింగు దాకా నడిచాను కూడా. లిఫ్టు కొత్తది. దానంతటదే నడుస్తుంది, మనిషి అక్కర్లేదు. కిందున్న వాచ్‌మన్‌ను అడిగితే, "మల్లేశమా? ఎవరన్నా ఆయన? నేనొచ్చి మూడేండ్లే అయింది," అన్నాడు. తిరిగొచ్చేశాను. నిజాయితీగా చెప్పాలంటే, ఆ జవాబు విని నా అడుగులు తేలికయ్యాయి. ఆ బుధవారం సాయంత్రంలాగే. అంటే నేను పెద్దగా మారలేదు. దొరికితే ఏమనేవాణ్ణో నాకే నమ్మకం లేదు. బహుశా చిన్నమ్మాయి ఎలా ఉందని అడిగి వచ్చేసేవాణ్ణి.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు చెయ్యాల్సిన పని కాదది. చెయ్యాల్సిన మనిషి ఒకసారి నా ఎదురుగా కూర్చుని, అంతా తెలిసి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది. ఆమెకు నేను ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. కాగితం మీదైనా సరే, ఒక్కసారి నా చేత్తో రాస్తే ఊపిరి ఆడుతుందనిపించి ఇదంతా మొదలుపెట్టాను. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగాను. ఇప్పుడు రాస్తున్నాను.

లావణ్యా, రూలు మారలేదు. నువ్వు వచ్చిననాడూ అదే ఉంది. నీకు లోను వచ్చేది. నీ నసీబు బాగానే ఉంది. ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్నది నేను.